మీకు ఇష్టమైన పాట, సినిమా, పుస్తకం, మీ హీరో ఎవరు అంటే... నా సమాధానం

ప్రశ్న అడిగిన అబ్బాయి గుంటూరు నుంచి చెన్నై వచ్చి ఆరు నెలలైందంట, పెరుంగుడిలో ఉద్యోగం. ఆఫీసులో అన్నం తినేటప్పుడు తమిళ స్నేహితులు "మీ తెలుగులో నీకు బాగా ఇష్టమైన మ్యూజిక్ ఏంటి, సినిమా ఏంటి, పుస్తకం ఏంటి, నీ హీరో ఎవరు" అని అడిగితే వాళ్ళు చెప్పినంత గట్టిగా తను చెప్పలేకపోయాడంట. అందుకని పాటల్లోనో సినిమాల్లోనో పనిచేసిన వాళ్ళెవరైనా మీ సొంత ఇష్టాలు చెప్పండి, ఎందుకు ఇష్టమో కూడా చెప్పండి, అసలు ఇలాంటి ఇష్టాలు ఎలా కుదురుతాయి అని అడిగాడు.

ముందు సూటిగా చెప్పేస్తాను. సంగీతంలో ఘంటసాల గారి పద్యాలు, ఆ తర్వాత కె.వి. మహదేవన్ గారి పాటలు. సినిమా అంటే మాయాబజార్. పుస్తకం మహాప్రస్థానం, దానికంటే ముందు చందమామ. నా హీరో బెంగళూరు నాగరత్నమ్మ గారు. ఇన్నింటికీ నా దగ్గర ఉన్న కారణం ఒక్కటే, మాట. మాటని పట్టించుకున్న వాళ్ళే నాకు ఇష్టమయ్యారు. ఇష్టం ఎలా కుదురుతుంది అంటే, వంద పాటలు సేవ్ చేసి పెట్టుకుంటే కుదరదు బాబూ, ఒక్కదాన్ని పట్టుకుని దానితో కొన్నాళ్ళు కాపురం చెయ్యాలి.

నేనెవరో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా నాన్న ఒంగోలు వైపు నుంచి వచ్చి మద్రాసు జార్జిటౌన్‌లో ఒక తెలుగు ప్రెస్సులో కంపోజిటర్‌గా చేసేవాడు, సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి స్టిక్‌లో పేర్చే పని, అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, నన్ను బళ్ళో వేసేలోపే తిరగబడ్డ తెలుగు చదవడం నేర్చేసుకున్నాను. 1987లో, ఇంటర్ అయిపోయిన వేసవిలో, కోడంబాక్కంలో డబ్బింగ్ థియేటర్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. మొదట గుంపులో అరుపులకి, కేకలకి, తర్వాత హీరోయిన్ స్నేహితురాలికి, తర్వాత మాటలు రాయడానికి. ఇప్పుడు పదిహేనేళ్ళుగా ఎక్కువగా చేసేది తెలుగు రాని సింగర్లకి రికార్డింగ్ టైంలో ఉచ్చారణ చూడటం. అద్దం ఇవతల కూర్చుని "అమ్మా, ఆ ళ ఇంకొంచెం నాలుక మడవండి" అని చెప్పే మనిషిని నేను.

డబ్బింగ్‌లో మాట రాయడం అంటే బయటి వాళ్ళు అనువాదం అనుకుంటారు. తెర మీద మనిషి పెదాలు ఎక్కడ మూసుకున్నాయో అక్కడ మన మాటలో ప, ఫ, బ, భ, మ ల్లో ఒకటి పడాలి, పెదాలు తెరుచుకుని ఉన్న చోట ఆ అక్షరాలు పడకూడదు, అర్థం చెడకూడదు, మళ్ళీ అది మన ఇంట్లో మనిషి మాట్లాడినట్టు ఉండాలి. పన్నెండు సెకన్ల సీను ముక్క ఒకటి, మేము లూప్ అంటాం, పట్టుకుని అరపూట కూర్చున్న రోజులున్నాయి. తెలుగు డబ్బింగ్‌కి మొదటి మాటలు రాసింది శ్రీశ్రీ గారని మా వాళ్ళలోనే చాలామందికి తెలియదు. 1950లో వచ్చిన ఆహుతి, హిందీ సినిమాకి తెలుగు డబ్బింగ్. అంత పెద్ద కవి వచ్చి ఇంకొకళ్ళ పెదాలకి మాటలు అమర్చాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ మాట పిచ్చి నాకు ఊరికే రాలేదు. తొంభైల మొదట్లో ఒక సినిమాలో తల్లి కొడుకుతో "నీ మొహంలో కళ లేదురా" అనాలి. చెప్పిన ఆవిడ ళ పలకలేక "కల లేదురా" అంది. నాకు వినపడింది. కానీ కాల్షీట్ టైం అయిపోయింది, ఇంజనీర్ లైట్లు తీసేస్తున్నాడు, నేను చిన్నదాన్ని, నోరు మెదపలేదు. సినిమా రిలీజయ్యాక థియేటర్లో కూర్చుని ఆ సీన్ చూశాను. తల్లి ఏడుస్తోంది, జనం కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు, ఎవరికీ పట్టలేదు, నాకు మాత్రం ఆ "కల" చెవిలో ముల్లులాగా దిగింది. ఆ తర్వాత నేను రికార్డింగ్‌లో మాట వదిలి లేచిన రోజు లేదు. సరే, ఇప్పుడు ఒక్కొక్కటి.

సంగీతం

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు అనగానే అందరూ సినిమా పాటలు చెప్తారు, నేను పద్యాలు చెప్తాను. కరుణశ్రీ గారి పుష్పవిలాపం ఒక్కటి తీసుకోండి. మొదటి పద్యంలో ఒక మనిషి పూలు కొయ్యడానికి చివాలున కొమ్మ వంచుతాడు. ఆ "చివాలున" దగ్గర ఆయన గొంతు ఎలా ఉందో వినండి. సాగదియ్యడు, గమకం వెయ్యడు, చటుక్కున అనేసి వదిలేస్తాడు, మనకి చెయ్యి కొమ్మ మీద పడినట్టే ఉంటుంది. అదే పద్యం చివర పూలు "బావురుమన్నవి" అన్న చోటికి వచ్చేసరికి అదే గొంతు కరిగిపోతుంది. నాటకాల స్టేజీ మీద పద్యం అంటే రాగం పావుగంట సాగదీసి చప్పట్లు కొట్టించుకునే పద్ధతి బాగా నడిచిన కాలం అది, అందులోనూ మహా గాయకులు ఉన్నారు, కాదనను, కానీ అర్థానికి ఎంత రాగం కావాలో అంతే కొలిచి పోసింది ఘంటసాల గారు.

అప్పటి రికార్డుల సంగతి కూడా తలుచుకోండి. 78 స్పీడు ప్లేటుకి ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకి మించి పట్టదు. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు అందరూ ఒకే గదిలో, ఒకే టేక్. వయొలిన్ ఒక స్వరం తప్పితే అందరూ మళ్ళీ మొదటి నుంచి. ఇప్పుడు మా దగ్గర సింగర్ ఒక లైను పదిసార్లు పాడితే అందులోంచి ఒక్కొక్క ముక్క ఏరి అతికిస్తారు, అది తప్పని నేను అనట్లేదు, దాని వల్లే నాకు పని దొరుకుతోంది. కానీ మూడు నిమిషాలు ఒక్క ఊపిరిగా మోసుకొచ్చిన పద్యానికి ఉండే బిగువు వేరు.

ఆయన జీవితం తెలిస్తే ఆ గొంతు ఇంకోలా వినపడుతుంది. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టి, సంగీతం కోసం విజయనగరం వెళ్ళి, అక్కడ జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని తిని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నాడు. క్విట్ ఇండియాలో జైలుకి వెళ్ళాడు. చివరి రోజుల్లో భగవద్గీత రికార్డు చేశాడు, 1974 ఫిబ్రవరి 11న ఈ ఊళ్ళోనే పోయారు, ఆ రికార్డు జనంలోకి వచ్చేసరికి ఆయన లేరు. నా మనసు కష్టపెట్టే విషయం ఒకటుంది. మన ఊళ్ళల్లో ఆ గీత ఎక్కడైనా మైకులో వినపడితే "ఎవరు పోయారు" అని అడుగుతారు. చావింటి పాట చేసేశాం దాన్ని. మా ఇంట్లో నేను ఆదివారం పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ పెట్టుకుంటాను, మొదట్లో పక్కింటావిడ కంగారుపడి తలుపు కొట్టింది, ఇప్పుడు ఆవిడ కూడా వచ్చి కూర్చుంటుంది.

ఒక జాగ్రత్త. ఈ పాత పద్యాలకి ఎకో కలిపి, బేస్ పెంచి "క్లియర్ ఆడియో" అని పెట్టేవి చాలా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టకండి. కొంచెం గరగర ఉన్నా అసలు రికార్డే వినండి. ఎకో పెడితే ముందు పోయేది హల్లులే, "చివాలున"లో ఆ చి చెదిరిపోతే ఇక అందులో వినేదేముంది.

మహదేవన్ గారి దగ్గరకి వస్తే, ఇది మీ ఆఫీసు స్నేహితులకి చెప్పాల్సిన కథ. ఆయనది నాగర్‌కోయిల్, తెలుగు ఆయన భాష కాదు. కానీ ఆయన పద్ధతి ఏంటంటే ముందు పాట రాసి ఇవ్వాలి, తర్వాతే ట్యూను. ట్యూన్ ఇచ్చి దానికి మాటలు ఇరికించమనడం చాలామంది చేసే పని, ఈయన సాహిత్యం ముందు పెట్టుకుని అందులోంచి రాగం తీసేవాడు, అందరూ మామ అని పిలిచేవాళ్ళు. పక్కనే అసిస్టెంట్ పుహళేంది గారు, ఆయన మలయాళీ. ఒక తమిళుడు, ఒక మలయాళీ కూర్చుని తెలుగు మాటకి ఏ స్వరం నప్పుతుందో తేల్చారు, ఆ పాటలేమో మన ఊళ్ళల్లో హరికథలు చెప్పుకునే వాళ్ళకి కూడా నోటికొచ్చేశాయి. శంకరాభరణం అలా వచ్చిందే. వేటూరి గారి మాటలు, మామ సంగీతం, బాలు గారి గొంతు. బాలు గారు గురువు దగ్గర ఏళ్ళ తరబడి శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న మనిషి కాదు, అయినా ఆ సినిమాకే ఆయనకి మొదటి జాతీయ అవార్డు వచ్చింది. తీసిన విశ్వనాథ్ గారేమో ఇదే వడపళనిలో వాహినీ స్టూడియోలో సౌండ్ రికార్డిస్టుగా మొదలైన మనిషి, అందుకే ఆ సినిమాలో నిశ్శబ్దం కూడా కొలిచినట్టు ఉంటుందని నా నమ్మకం. 1980 ఫిబ్రవరి 2న ఆ సినిమా విడుదలైంది. 2023లో సరిగ్గా అదే ఫిబ్రవరి 2న ఆయన పోయారు. ఆ రోజు నేను రికార్డింగ్‌లో ఉన్నాను, కబురు తెలిసి అందరం పని ఆపేశాం.

ఉచ్చారణ సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చూపిస్తాను. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, అలాగే త వర్గానికి ఒకటి, ప వర్గానికి ఒకటి. అందుకని ఇక్కడి సంగీతం పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 1, 2, 3, 4 అని అంకెలు వేస్తారు. కిందటేడు ఒక తమిళ అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయి, నోట్‌బుక్ తెచ్చుకుంది, అందులో "పాద" అని ఉన్న చోట ప మీద 1, త మీద 3, "బాధ" అని ఉన్న చోట ప మీద 3, త మీద 4. తమిళ అక్షరాల్లో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అంకెలే తేడా. ఆ అమ్మాయి బాధ అన్నప్పుడు ధ లోంచి గాలి ఎంత రావాలో అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని చూసుకుంటూ ఇరవైసార్లు అంది. మనవాళ్ళేమో ఫోన్లలో బాధని "భాద" అని టైప్ చేస్తారు. నాకు ఆ అమ్మాయి నోట్‌బుక్ చూస్తే కళ్ళ నీళ్ళు తిరిగాయి.

సంగీత సభల సంగతి కూడా చెప్పాలి, డిసెంబర్ వస్తే మీరు తప్పకుండా వెళ్ళండి, పొద్దున, మధ్యాహ్నం జరిగే కచేరీలు చాలాచోట్ల ఉచితం. ఒక మార్గళి సీజన్‌లో మైలాపూర్‌లో నా పక్కన డెబ్భై ఐదేళ్ళ తమిళ మామ కూర్చున్నాడు. త్యాగరాజు పంచరత్న కీర్తనల్లో ఎందరో మహానుభావులు పాడుతున్నారు. ఆయన ప్రతి చరణానికీ స్వరం ముందే పాడుకుంటున్నాడు, శ్రీరాగంలో ఎక్కడ ఏ సంగతి వస్తుందో వేళ్ళ మీద ఉంది. అయిపోయాక నేను తెలుగుదాన్నని తెలిసి, "యాభై ఏళ్ళుగా వింటున్నానమ్మా, ఒక్కొక్క చరణంలో ఏమంటున్నాడో చెప్తావా" అన్నాడు. క్యాంటీన్‌లో కాఫీ చల్లారిపోయేదాకా చెప్పాను, ఆయన టికెట్ వెనకాల తమిళంలో రాసుకున్నాడు. నాకు మాట తెలుసు, రాగం అంత తెలియదు, ఆయనకి రాగం తెలుసు, మాట తెలియదు. ఇద్దరం కలిస్తే గానీ ఒక త్యాగరాజు కాలేదు. తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో బతికి, తెలుగులో పాడిన మనిషి ఆయన. మీ స్నేహితులు తెలుగు మ్యూజిక్ అని అడిగితే అక్కడ్నుంచి మొదలుపెట్టండి, వాళ్ళ ఇంట్లో అమ్మమ్మ పాడుకునేది మీ భాషే.

సినిమా

మాయాబజార్ గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్తే మీకు ఉపయోగం లేదు. 1957 మార్చి 27, కె.వి. రెడ్డి గారు, విజయా వాళ్ళ సినిమా, ఇవి తెలిసినవే. మీరు వడపళనిలో మాల్‌కి వెళ్తుంటారు కదా, ఆ స్థలం విజయ వాహినీ స్టూడియోదే. ఎస్కలేటర్ ఎక్కుతుంటే నాకు మాత్రం ఎప్పుడూ ద్వారక గుర్తొస్తుంది.

నాకు ఆ సినిమాలో అసలు హీరో పింగళి నాగేంద్రరావు గారు, మాటలూ పాటలూ ఆయనవే. అస్మదీయులు అనే సంస్కృతం మాట పక్కన తస్మదీయులు అని లేని మాట ఒకటి పుట్టించి పెట్టాడు. వ్యాకరణం ప్రకారం ఆ మాట లేదు, కానీ వినగానే ఎవరికైనా అర్థమైపోతుంది, ఇవాళ పేపర్ల హెడ్డింగుల్లో కూడా వాడతారు. కంబళిని గింబళి అన్నాడు, తల్పాన్ని గిల్పం అన్నాడు, రాక్షసుల పిల్లలు చదువు నేర్చుకునేటప్పుడు మాట ఎలా నోట్లో దొర్లుతుందో అలా రాశాడు. పాతాళభైరవిలో డింభకా అన్న పిలుపు కూడా ఆయనదే. డబ్బింగ్ రాసేటప్పుడు నాకు మాట దొరక్క ఆగిపోతే ఆయన్నే తలుచుకుంటాను, లేకపోతే పుట్టించు అని ధైర్యం చెప్పినట్టు ఉంటుంది.

రెండోది సావిత్రి గారు. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పటి సీన్లు సౌండ్ ఆపేసి చూడండి ఒకసారి. ఆవిడ నడకలో, భుజం తిప్పడంలో, కళ్ళు ఉరమడంలో ఎస్.వి. రంగారావు గారు కనిపిస్తారు, మళ్ళీ ఎవరైనా వచ్చేసరికి చటుక్కున ఆడపిల్ల అయిపోతుంది. మేము డబ్బింగ్‌లో ఒకళ్ళ శరీరానికి ఇంకొకళ్ళ గొంతు పెడతాం, ఆవిడ ఒకే శరీరంలో ఇద్దర్ని పెట్టింది.

చూస్తే నలుపు తెలుపులోనే చూడండి. 2010లో రంగులు వేసి విడుదల చేశారు, పిల్లలకి చూపించడానికి అది మంచిదే, థియేటర్ నిండా జనం వచ్చారు, సంతోషం. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ గారు వెన్నెలని నలుపు తెలుపుల కోసం వెలిగించారు, పడవ పాటలో నీళ్ళ మీద ఆ మెరుపు బూడిద రంగు ఛాయల్లోంచి వచ్చింది. దాని మీద నీలం పూస్తే అది ఇంకో సినిమా.

వేరే సినిమాలు కూడా ఇష్టమే, బాపు గారి సాక్షి, ముత్యాలముగ్గు, చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. ఒక్కటి అడిగారు, ఒక్కటే చెప్పాను.

పుస్తకాలు

చందమామ 1947 జూలైలో ఈ ఊళ్ళోనే మొదలైంది, తెలుగు, తమిళం రెండూ ఒకేసారి, తమిళంలో అంబులిమామా. మీ ఆఫీసులో నలభై దాటిన తమిళ వాళ్ళని అడగండి, విక్రమార్కుడు భుజం మీద శవాన్ని వేసుకుని నడిచే బొమ్మ వాళ్ళకీ గుర్తుంటుంది, ఆ బొమ్మ వేసిన శంకర్ గారు తమిళుడే. తెలుగు చందమామ వెనక చాలా ఏళ్ళు కొడవటిగంటి కుటుంబరావు గారు ఉన్నారు. ఆ వాక్యాలు చూడండి, ఎక్కడా ముడి ఉండదు, ఆరేళ్ళ పిల్లకి అర్థమవుతుంది, అరవై ఏళ్ళ వాళ్ళకి చిన్నతనంగా ఉండదు. నేను వాక్యం రాయడం నేర్చుకుంది అక్కడే. నాన్న మూర్ మార్కెట్‌లో పాత సంచికలు కట్టలుగా కొనుక్కొచ్చేవాడు. 1985లో మూర్ మార్కెట్ తగలబడిపోయింది. మర్నాడు నాన్న అన్నం తినకుండా వెళ్ళి చూసొచ్చి, చేతులకి మసితో ఇంటికొచ్చి, ఎంతసేపటికీ కడుక్కోలేదు.

మహాప్రస్థానం ఆ నాన్న చేత్తోనే ఇచ్చాడు, నాకు పధ్నాలుగేళ్ళప్పుడు. కవితలు చాలావరకు ముప్పైల్లోవి, పుస్తకం అచ్చయింది 1950లో. చాలామంది యువకులు దాన్ని ఆవేశం కోసం చదువుతారు, ఫోటో కింద రెండు లైన్లు పెట్టుకుంటారు. నేను చెప్పేది, పైకి చదవండి, గట్టిగా, తలుపేసుకుని. కళ్ళతో చదివితే అర్థం వస్తుంది, నోటితో చదివితే ఆ లయ మీ ఊపిరిని ఎక్కడ ఆపుతోందో తెలుస్తుంది. ముందు చలం గారి యోగ్యతాపత్రం ఉంటుంది, అది గొప్ప ముందుమాటే, కానీ మొదటిసారి దాన్ని వదిలేసి కవితలు చదివి తర్వాత వెనక్కి రండి, లేకపోతే చలం గారి కళ్ళతో శ్రీశ్రీని చూస్తారు. నా దగ్గరకి నేర్చుకోవడానికి వచ్చిన డబ్బింగ్ పిల్లలందరికీ మొదటి నెల ఇదే పని, రోజూ ఒక కవిత పైకి చదవడం. ఒక కుర్రాడు, చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లాడు, తెలుగు చదవడం రాదు, ఇంట్లో మాట్లాడతాడంతే. వాడు ఫోన్లో వాళ్ళ నాన్న చేత చదివించి రికార్డు చేసుకుని అది విని నేర్చుకున్నాడు, మూడు నెలలు తిరిగేసరికి అక్షరాలు కూడబలుక్కుని వాడే చదివాడు. చదవడం రాని వాళ్ళు భయపడక్కర్లేదు అనడానికి చెప్తున్నాను.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి అంటారేమో, ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్ళండి. 1896 నుంచీ ఉంది, దేశంలో అచ్చయిన పుస్తకాలు చేరాల్సిన లైబ్రరీల్లో అది ఒకటి, తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి. ఒక శనివారం ఊరికే వెళ్ళి ర్యాక్‌ల మధ్య తిరగండి చాలు.

నా హీరో

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను. బెంగళూరు నాగరత్నమ్మ గారు 1878లో మైసూరు సీమలో నంజనగూడు దగ్గర, దేవదాసి కుటుంబంలో పుట్టారు. మద్రాసు వచ్చి పేరూ డబ్బూ సంపాదించిన గాయని, సంస్కృతం, తెలుగు, కన్నడం బాగా చదువుకున్న మనిషి. ముద్దుపళని అని 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న కవయిత్రి, ఆవిడ రాసిన రాధికా సాంత్వనం గురించి వీరేశలింగం గారు చాలా కటువుగా రాశారు, ఆడది రాయదగ్గ మాటలు కావని. నాగరత్నమ్మ గారు ఆ పుస్తకం సంపాదించి చూస్తే అచ్చులో ఉన్నదాంట్లో పద్యాలు కోసేసి ఉన్నాయి. అసలు రాతప్రతి వెతికి పట్టుకుని, పోల్చి చూసి, కోసేసిన పద్యాలన్నీ ఎక్కడివక్కడ పెట్టి, 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించారు. మగకవులు అంతకంటే పచ్చిగా రాస్తే తప్పు కానిది ఈమెకెందుకు తప్పయింది అని పీఠికలో అడిగారు. ప్రభుత్వం అశ్లీలం అని నిషేధించింది, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. చివరికి టంగుటూరి ప్రకాశం గారి హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు.

నేను ఈ కథ మొదటిసారి విన్నది నాన్న దగ్గరే. కంపోజిటర్‌కి పద్యం కోసేయడం అంటే ఏంటో తెలుసు, పేర్చిన అక్షరాలు తీసి మళ్ళీ కేసులో, అంటే అక్షరాల పెట్టెలో, పడేయడం. "పడేసిన అక్షరాలు ఏరి మళ్ళీ పేర్చిందమ్మా ఆవిడ" అని చెప్పేవాడు.

అంతటితో ఆగలేదు ఆవిడ. తిరువయ్యారులో త్యాగరాజ స్వామి సమాధి పాడుబడి ఉందని తెలిసి, తన నగలు, ఆస్తి అమ్మి అక్కడ గుడి కట్టించారు, 1920ల్లో ప్రతిష్ఠ. కట్టించింది ఆవిడ, కానీ ఆరాధనలో ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదన్నారు. ఆవిడ దణ్ణం పెట్టి వెనక్కి తగ్గలేదు, గుడి వెనక వైపు ఆడవాళ్ళతో వేరే ఆరాధన పెట్టించారు, ఏళ్ళ తరబడి నడిపారు, 1940 ప్రాంతంలో అన్ని వర్గాలూ ఒకటై ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి పాడటం మొదలైంది. ఇవాళ టీవీలో పుష్య బహుళ పంచమి రోజు ఆడవాళ్ళు వరుసగా కూర్చుని పంచరత్నాలు పాడుతుంటే చూస్తాం కదా, దాని వెనక ఈ మనిషి ఉంది.

మీరు హీరో అంటే సినిమా హీరో చెప్పాలేమో అనుకోకండి. ఎవరైనా చెప్పచ్చు. నాకు రెండో పేరు కావాలంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో పధ్నాలుగేళ్ళ వాలంటీర్‌గా గేటు దగ్గర నిలబడి టికెట్ లేదని నెహ్రూ గారిని ఆపేసిన పిల్ల, తర్వాత ఇదే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. ఒక మాట మాత్రం, హీరోని ఎంచుకునేటప్పుడు వాళ్ళు చేసిన పని ఒకటి వివరంగా తెలుసుకోండి, పేరు ఒక్కటే తెలిస్తే అది పోస్టరే అవుతుంది. నాకు నాగరత్నమ్మ గారి గొంతు కంటే ఆ పద్యాలు పోల్చుకుంటూ కూర్చున్న రాత్రులే ఎక్కువ కళ్ళ ముందు కనపడతాయి.

ఇష్టాలు ఎలా కుదురుతాయి అని అడిగారు కాబట్టి, ఈ నెలంతా పుష్పవిలాపం ఒక్కటే వినండి, బస్సులో, ఆఫీసుకి వెళ్తూ. రోజుకొక మాట మీద చెవి పెట్టండి. నెల తర్వాత అది నచ్చకపోతే నిస్సంకోచంగా వదిలేసి ఇంకోటి పట్టుకోండి, నాకు నచ్చింది మీకు నచ్చాలని లేదు, మీది ఇళయరాజా అవ్వచ్చు, ఇంకెవరైనా అవ్వచ్చు.

రెండ్రోజులు సెలవు దొరికితే తంజావూరుకి రాత్రి రైలెక్కండి, అక్కడ్నుంచి తిరువయ్యారుకి బస్సులో అరగంట. కావేరి ఒడ్డున త్యాగరాజ స్వామి సమాధి. దానికి ఎదురుగా నాగరత్నమ్మ గారి సమాధి ఉంటుంది, 1952లో పోయారు. ఆవిడ విగ్రహం చేతులు జోడించి ఆయన వైపే చూస్తూ కూర్చుని ఉంటుంది. నేను వెళ్ళిన ప్రతిసారీ అక్కడ కూర్చుని ముద్దుపళని పద్యం ఒకటి పైకి చదివి వస్తాను, ళ, ధ, భ ఒక్కటి కూడా తప్పు పోకుండా.

ఇంకేమైనా అడగాలంటే అడగండి. పగలు రికార్డింగ్ ఉంటుంది, రాత్రి తొమ్మిది తర్వాత చూసి జవాబిస్తాను.